చిక్కుబడ్డ ఫోటాన్ల నుంచి లెక్క తేలిన యాదృచ్ఛికత: ప్రాజెక్టు డైరీ

ఏం కట్టబోతున్నాం, ఎందుకు

బల్ల మీద ఎంటాంగిల్డ్, అంటే ఒకదానితో ఒకటి చిక్కుబడ్డ, ఫోటాన్ (కాంతి కణం) జంటలు పుట్టించాలి, బెల్ అసమానత (జవాబులు ముందే నిర్ణయమై ఉంటే దాటలేని హద్దు) ఉల్లంఘన కొలవాలి, ఆ కొలత ఎంత అనుమతిస్తే అన్ని యాదృచ్ఛిక బిట్లే బయటికి తీయాలి. ప్రాజెక్టు మొత్తం ఇంతే.

ఉత్త బిట్ల కోసమైతే ఇంత శ్రమ అక్కర్లేదు. బలహీనమైన కాంతి, దాన్ని రెండు దారుల్లోకి చీల్చే ఒక బీమ్ స్ప్లిటర్, రెండు డిటెక్టర్లు ఉంటే సెకనుకు వేల బిట్లు వస్తాయి. కానీ వాటిలో యాదృచ్ఛికత ఎంత అన్నది పరికరం కట్టినవాళ్ల మాట మీద ఆధారపడాల్సిందే. గణాంక పరీక్షలు ఇక్కడ సాయపడవు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తెచ్చిన 800-22 సంచికలో 15 పరీక్షలున్నాయి; ఏఈఎస్ అనే గుప్తలిపి పద్ధతితో ఒక తాళంచెవి నుంచి పుట్టించిన వరుస, అంటే ఆ తాళంచెవి తెలిసినవాళ్లు చివరి బిట్ వరకూ ముందే చెప్పగల వరుస, వాటన్నిటినీ దాటుతుంది. బిట్లను చూసి యాదృచ్ఛికత తేల్చలేం. అవి ఎలా పుట్టాయో చూసి తేల్చాలి.

ఆ దారి జాన్ బెల్ 1964లో వేశాడు. క్లాజర్, హోర్న్, షిమోనీ, హోల్ట్ 1969లో దాన్ని ప్రయోగశాలలో కొలవగలిగే రూపానికి తెచ్చారు. రెండు వైపులా రెండేసి కోణాల్లో కొలిచి ఎస్ అనే సంఖ్య కడతాం. జవాబులు ముందే రాసిపెట్టి ఉంటే ఎస్ 2 దాటదు. క్వాంటం సిద్ధాంతం 2√2 వరకూ, అంటే 2.828 వరకూ అనుమతిస్తుంది. ఎస్ 2 దాటిందంటే ఆ ఫలితాలు పుట్టకముందు పూర్తిగా నిర్ణయమై లేవని అర్థం. 2010లో పిరోనియో బృందం మీటరు దూరంలో ఉన్న రెండు యిటర్బియం అయాన్లతో ఈ పద్ధతిలో 42 బిట్లు తీసింది. సంఖ్య చిన్నదే, కానీ దాని వెనక ఉన్న హామీ అంతకుముందు ఏ యంత్రమూ ఇవ్వనిది.

ఎస్ నుంచి ఒక్కో ఫలితానికి కనీసం ఎంత ఎంట్రోపీ (ముందే ఊహించలేనితనం, బిట్లలో) ఉందో ఈ సూత్రం చెబుతుంది:

హెచ్ = 1 − లాగ్₂(1 + √(2 − ఎస్²/4))

ఎస్ 2 అయితే హెచ్ సున్నా. 2.828 అయితే ఒక పూర్తి బిట్. మధ్యలో వంపు చాలా కఠినంగా ఉంటుంది: 2.4 దగ్గర 0.19, 2.5 దగ్గర 0.27, 2.6 దగ్గర 0.36, 2.7 దగ్గర 0.49. బల్ల మీద జరిగే ప్రతి లోపాన్నీ ఈ డైరీలో హెచ్‌లోకి మార్చి చూస్తున్నాం. ఎస్ 2 దాటింది కదా అని అక్కడితో ఆగిపోతే అసలు సంగతి చేజారుతుంది.

లేజర్, క్రిస్టళ్లు

అమరిక 1999లో పాల్ క్వియాట్ బృందం చూపిన రెండు క్రిస్టళ్ల పద్ధతి. 2002లో డెహ్లింగర్, మిచెల్ దాన్ని డిగ్రీ విద్యార్థుల ల్యాబ్ స్థాయికి తెచ్చారు. ముఖ్యమైన భాగాలు:

- 405 నానోమీటర్ల డయోడ్ లేజర్, క్రిస్టల్ దగ్గర 20 మిల్లీవాట్లు
- 405కి తగిన హాఫ్‌వేవ్ ప్లేట్ (పోలరైజేషన్‌ను, అంటే కాంతి కంపించే దిశను, తిప్పేది), దాని తర్వాత వంచడానికి వీలైన మౌంట్‌లో ఒక క్వార్ట్జ్ ప్లేట్
- ఒక్కోటి 0.5 మిల్లీమీటర్ల మందమున్న రెండు బీబీఓ (బేరియం బోరేట్) క్రిస్టళ్లు, ఒకదానికొకటి 90 డిగ్రీలు తిప్పి అతికించినవి, కోత కోణం 29.2 డిగ్రీల దగ్గర
- 810 నానోమీటర్ల దగ్గర 10 నానోమీటర్ల వెడల్పున్న ఫిల్టర్లు రెండు
- పోలరైజర్లు, కొలిమేటర్లు (కాంతిని ఫైబర్‌లోకి చేర్చే కటకాలు), మల్టీమోడ్ ఫైబర్లు
- సిలికాన్ సింగిల్ ఫోటాన్ డిటెక్టర్లు: మొదట రెండు, తర్వాత నాలుగు
- కోయిన్సిడెన్స్ (రెండు వైపులా ఒకేసారి ఫోటాన్లు రావడం) లెక్కకు ఒక ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే రాసుకోగల చిప్) బోర్డు

పెట్టుబడిలో పెద్ద వాటా డిటెక్టర్లదే. మిగతా సామాను మొత్తం కలిపినా ఒక్కోసారి వాటి ధరకు రాదు.

క్రిస్టల్‌లోకి పంపే లేజర్ కాంతే పంప్; అందులో ఒక ఫోటాన్ అప్పుడప్పుడూ రెండుగా చీలి జంట అవుతుంది. ఒక క్రిస్టల్ నిలువు పోలరైజేషన్ పంప్‌ను తీసుకుని అడ్డం పోలరైజేషన్ ఉన్న జంటనిస్తుంది. రెండోది అడ్డం పంప్‌ను తీసుకుని నిలువు జంటనిస్తుంది. పంప్‌ను 45 డిగ్రీల్లో పంపితే జంట ఏ క్రిస్టల్‌లో పుట్టిందో చెప్పే ఆనవాలు ఉండదు, 'రెండూ అడ్డం', 'రెండూ నిలువు' అనే అవకాశాలు సూపర్‌పొజిషన్‌లో, అంటే రెండూ ఒకేసారి కలిసి, ఉంటాయి. ఈ ఆనవాలు లేకపోవడమే ఎంటాంగిల్‌మెంట్‌కు ఆయువుపట్టు. రాబోయే ఇబ్బందుల్లో సగానికి మూలం ఎక్కడో ఒక ఆనవాలు మిగిలిపోవడమే.

20 మిల్లీవాట్లంటే సెకనుకు దాదాపు 4 × 10¹⁶ పంప్ ఫోటాన్లు. అందులో మనం చివరికి లెక్కపెట్టేది సెకనుకు కొన్ని వందల జంటలు. మిగిలిన నీలికాంతి అంతా నిష్ప్రయోజనంగా క్రిస్టల్ దాటి పోతుంది కాబట్టి దాన్ని బీమ్ డంప్‌లో పూర్తిగా ఆపాలి. ఎదురుగా తెల్ల కాగితం గానీ మామూలు నల్ల టేపు గానీ ఉంటే 405 కాంతికి అవి ఫ్లోరెసెన్స్ ఇస్తాయి, అందులో కొంత ఫిల్టర్ దాటి వస్తుంది.

భద్రత మాట ఇక్కడే. ఈ తరంగదైర్ఘ్యానికి కన్ను అంతగా స్పందించదు, చుక్క మసకగా కనిపిస్తుంది, శక్తి మాత్రం క్లాస్ 3బి స్థాయిది. 405కి ఎంత ఓడీ (కాంతిని ఎంతగా ఆపుతుందో చెప్పే అంకె) ఉందో అద్దం మీదే రాసి ఉన్న గాగుల్సే వాడాలి. రంగు చూసి కొన్న కళ్లద్దాలు పనికిరావు.

లేజర్ డయోడ్‌ను పెల్టియర్ (కరెంటుతో చల్లబరిచే పలక), ఉష్ణోగ్రత కొలిచే 10 కిలోఓమ్ థర్మిస్టర్‌తో స్థిరమైన ఉష్ణోగ్రతలో ఉంచాలి. డిగ్రీకి 0.05 నానోమీటర్ల చొప్పున తరంగదైర్ఘ్యం జరుగుతుంది, మధ్యలో మోడ్ హాప్‌లు (తరంగదైర్ఘ్యంలో హఠాత్తు గెంతులు) వస్తాయి. చాలా మాన్యువళ్లు 20 డిగ్రీల సెల్సియస్ పెట్టమంటాయి. కోస్తా జిల్లాల్లో ఇది ప్రమాదం. కరెంటు పోయి ఏసీ ఆగి గది 30 డిగ్రీలకు, తేమ 80 శాతానికి చేరితే డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) 26 డిగ్రీల దగ్గరుంటుంది. యూపీఎస్ మీద నడుస్తున్న పెల్టియర్ డయోడ్‌ను 20 దగ్గరే పట్టి ఉంచితే దాని ముందున్న గాజు మీద నీరు చేరుతుంది. మేం 28 డిగ్రీలు పెట్టాం, మౌంట్‌ను మూతపెట్టి సిలికా జెల్ ఉంచాం. బీబీఓ కూడా తేమను పీలుస్తుంది. వాడనప్పుడు క్రిస్టల్ డెసికేటర్‌లోకి పోవాలి. పూత మీద మసక మొదలైతే దాన్ని తుడిచి బాగుచేయడం కుదరదు.

అలైన్‌మెంట్

జంటలోని ఫోటాన్లు పంప్ దిశకు రెండు వైపులా 3 డిగ్రీల్లో బయటికొస్తాయి. మీటరు దూరంలో అది మధ్యరేఖ నుంచి 5.2 సెంటీమీటర్లు. రెండు కొలిమేటర్ల మౌంట్లనూ ఈ లెక్క ప్రకారం బిగించాం.

కంటికి కనిపించని సెకనుకు కొన్ని వేల ఫోటాన్లను వెతుక్కుంటూ స్క్రూలు తిప్పితే రోజులు గడుస్తాయి. వెనక నుంచి రావడం మేలు. డిటెక్టర్ వైపు ఫైబర్ కొసను విప్పి దాంట్లోకి 780 లేదా 810 నానోమీటర్ల చిన్న లేజర్ పంపితే కొలిమేటర్ నుంచి ఆ కాంతి క్రిస్టల్ మీద పడుతుంది. పంప్ చుక్క, ఈ చుక్క ఒకే చోట పడాలి. ఐఆర్ కార్డుతో గానీ, ఫిల్టర్ తీసేసిన వెబ్‌క్యామ్‌తో గానీ చూస్తే తెలుస్తుంది. రెండు వైపుల కొలిమేటర్లకూ ఇది చేశాక ఫైబర్లను డిటెక్టర్లకు పెడితే మొదటి కోయిన్సిడెన్సులు స్క్రూ తిప్పకుండానే కనిపిస్తాయి, సెకనుకు పదో ఇరవయ్యో. అక్కడి నుంచి పెంచుకోవడం ఓపిక పని.

డిటెక్టర్ల విషయంలో ఒకటే నియమం: గదిలో లైటు వెలుగుతుండగా పవర్ ఇవ్వకూడదు. ఫైబర్ పెట్టని డిటెక్టర్ మీద గది వెలుతురు పడితే అది పాడయ్యే అవకాశం నిజంగా ఉంది. తలుపుకు ఒక స్విచ్ పెట్టి, తలుపు తీస్తే డిటెక్టర్ల సరఫరా ఆగేలా రిలే కట్టాం. పని గంటలోపే అయిపోయింది.

సింగిల్స్ (ఒక్కో డిటెక్టర్ విడిగా లెక్కపెట్టే ఫోటాన్లు) పెరిగినంత మాత్రాన సంబరపడకూడదు. ఒక కొలిమేటర్ స్క్రూ తిప్పగానే సింగిల్స్ రెట్టింపై కోయిన్సిడెన్సులు కదలకపోతే, అక్కడ దొరుకుతున్నది ఫ్లోరెసెన్సో చెదిరిన పంపో అయి ఉంటుంది. చూడాల్సింది కోయిన్సిడెన్సులకు, సింగిల్స్‌కు ఉన్న నిష్పత్తి. మా అమరికలో పోలరైజర్ల తర్వాత ఒక్కో వైపు సెకనుకు 8,000 సింగిల్స్, పోలరైజర్లు సమాంతరంగా ఉన్నప్పుడు 200 కోయిన్సిడెన్సులు. నిష్పత్తి 2.5 శాతం. మల్టీమోడ్ ఫైబర్, సన్నని క్రిస్టళ్లు ఉన్న ఇలాంటి బల్లకు ఇది మామూలే.

క్రిస్టల్ వంపు చాలా సున్నితం. కోత కోణం 28.8 డిగ్రీల దగ్గరైతే రెండు ఫోటాన్లూ పంప్ దారిలోనే పోతాయి, 29.2 దగ్గరైతే 3 డిగ్రీలకు విచ్చుకుంటాయి. అంటే అర డిగ్రీ కూడా లేని తేడాలో ఫోటాన్లు బయటికొచ్చే కోన్ (శంఖువు ఆకారం) పూర్తిగా మూసుకుపోతుంది. పైగా రెండు క్రిస్టళ్లూ వేర్వేరు అక్షాల వంపుకు స్పందిస్తాయి. పోలరైజర్లు రెండూ 0 దగ్గర పెట్టి ఒక వంపును, రెండూ 90 దగ్గర పెట్టి ఇంకో వంపును సవరించుకుంటే గందరగోళం ఉండదు.

కోయిన్సిడెన్స్ సర్క్యూట్

ఎఫ్‌పీజీఏ లోపల పని తేలిక: రెండు పల్సులు 10 నానోసెకన్ల కిటికీలో (సమయ పరిధిలో) కలిసి వస్తే ఒకటి లెక్కపెట్టు. తప్పులు జరిగేది బోర్డు బయట. డిటెక్టర్ ఇచ్చే టీటీఎల్ పల్స్ ఎత్తు బోర్డు తట్టుకునే 3.3 వోల్టులను దాటుతుందేమో ముందుగా ఆసిలోస్కోప్ మీద చూసుకోవాలి. కేబుల్ చివర 50 ఓమ్‌ల టెర్మినేషన్ (సంకేతం ప్రతిఫలించకుండా ఆపే నిరోధం) తప్పనిసరి. కోయాక్సియల్ కేబుల్‌లో సంకేతానికి మీటరుకు 5 నానోసెకన్లు పడుతుంది. 3 మీటర్ల కేబుల్‌కు టెర్మినేషన్ లేకపోతే ప్రతి పల్స్ ప్రతిఫలించి వెళ్లి 30 నానోసెకన్ల తర్వాత మళ్లీ వస్తుంది, ఒక ఫోటాన్ రెండుగా నమోదవుతుంది. బెల్ కొలతలో ఇది అంతగా బయటపడదు. బిట్ల వరుసలో మాత్రం ఒక బిట్ వెంటే అదే బిట్ మళ్లీ రావడంగా కనిపిస్తుంది. పక్కపక్క పల్సుల మధ్య సమయాల హిస్టోగ్రామ్ గీస్తే 30 దగ్గర సన్నని ముల్లులా తేలుతుంది. అదే హిస్టోగ్రామ్‌లో డెడ్ టైమ్ (ఒక పల్స్ తర్వాత డిటెక్టర్ ఏదీ చూడలేని సమయం) ఒక ఖాళీగా, ఆ వెంటనే ఆఫ్టర్‌పల్సింగ్ (ఫోటాన్ లేకుండానే వచ్చే దొంగ పల్సులు) ఒక గుట్టగా కనిపిస్తాయి. ప్రతి డిటెక్టర్‌కూ ఈ బొమ్మ ఒక్కటి గీసి దాచుకోవాలి.

కిటికీ వెడల్పు ఎంత ఉండాలన్నది యాక్సిడెంటల్స్ లెక్క మీద తేలుతుంది. సంబంధం లేని రెండు ఫోటాన్లు యాదృచ్ఛికంగా ఒకే కిటికీలో పడే రేటు రెండు సింగిల్స్ రేట్ల, కిటికీ వెడల్పుల లబ్ధం. 8,000 × 8,000 × 10 నానోసెకన్లు అంటే సెకనుకు 0.64. పట్టించుకోనక్కర్లేదు. బల్ల మీద ఒక మానిటర్ వెలుగుతూ సింగిల్స్ 40,000కు పోతే అదే లెక్క సెకనుకు 16. కిటికీ కూడా 50 నానోసెకన్లు పెట్టి ఉంటే సెకనుకు 80.

లెక్కను నమ్మి వదిలేయకుండా ఒక చానెల్‌కు ఎఫ్‌పీజీఏలో 100 నానోసెకన్ల ఆలస్యం కలిపి మళ్లీ లెక్కపెట్టాం. జంటలన్నీ విడిపోయి మిగిలేవి యాక్సిడెంటల్సే. ఈ కొలత లెక్కతో సరిపోకపోతే ముందు అనుమానించాల్సింది కిటికీ నిజమైన వెడల్పునే. పల్స్ పొడవు దానికి తోడై ఉంటుంది.

వేడి ఇక్కడ కూడా అడ్డుతగులుతుంది. డిటెక్టర్‌లో కాంతి లేకపోయినా వచ్చే డార్క్ కౌంట్లు సిలికాన్‌లో ఉష్ణశక్తి వల్ల విడివడే ఎలక్ట్రాన్లే. లోపలున్న పెల్టియర్ చిప్‌ను చల్లగా ఉంచుతుంది, కానీ ఆ వేడిని అది బయటి హీట్ సింక్‌లోకి తోయాలి. గది 35 డిగ్రీలకు పోయి, హీట్ సింక్‌కు గాలి తగలకపోతే చిప్ వేడెక్కి డార్క్ కౌంట్లు మెల్లగా ఎక్కుతాయి. డిటెక్టర్ల పెట్టెకు ఒక చిన్న ఫ్యాన్ పెట్టి, దాని కంపనం బల్లకు చేరకుండా రబ్బరు మీద నిలిపాం.

ఫేజ్: రెండు రకాల చెడు

రెండు వైపుల పోలరైజర్ల కోణాలు (0, 0) దగ్గర, (90, 90) దగ్గర కోయిన్సిడెన్సులు సమానమయ్యేలా హాఫ్‌వేవ్ ప్లేట్ తిప్పాలి. పుస్తకం ప్రకారం 22.5 డిగ్రీలు, నిజంగా సమానమయ్యేది ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ, ఎందుకంటే రెండు క్రిస్టళ్ల నుంచీ ఫైబర్లలోకి చేరే పాలు ఒకేలా ఉండవు. (0, 90), (90, 0) దగ్గర దాదాపు ఏమీ రాకూడదు. ఇంతవరకూ ఎవరికైనా వస్తుంది. మామూలు గణాంక సంబంధం ఉన్న ఫోటాన్లు కూడా ఇక్కడ ఇలాగే ప్రవర్తిస్తాయి.

అసలు పరీక్ష 45 డిగ్రీల్లో. (45, 45) దగ్గర గరిష్ఠం, (45, 135) దగ్గర కనిష్ఠం రావాలి. రెండూ సమానంగా వస్తే రెండు కారణాలుండొచ్చు, అవి పైకి ఒక్కలాగే కనిపిస్తాయి. ఒకటి: ఎంటాంగిల్‌మెంట్ బాగానే ఉంది, రెండు అవకాశాల మధ్య ఫేజ్ (తరంగాల దశలో తేడా) 90 డిగ్రీల దగ్గర నిలిచింది. రెండు: ఫేజ్ అంతా చెదిరిపోయి నిజంగానే కలగాపులగం మిశ్రమం మిగిలింది. తేడా తెలుసుకోవాలంటే క్వార్ట్జ్ ప్లేట్‌ను దాని నిలువు అక్షం మీద నెమ్మదిగా వంచుతూ (45, 45) చూడాలి. మొదటి కారణమైతే కౌంట్ లోతుగా పడి లేస్తుంది, గరిష్ఠం దగ్గర స్క్రూ బిగించేయడమే. ఎంత వంచినా చలనం లేకపోతే రెండోది.

ఫేజ్ 180 దగ్గర ఆగితే (45, 135) గరిష్ఠం అవుతుంది. అదీ మంచి ఎంటాంగిల్‌మెంటే, కానీ ఎస్ సూత్రంలో గుర్తులు మారాలి. మార్చకుండా పాత కోణాలతో లెక్కేస్తే ఎస్ సున్నా దగ్గరకు వస్తుంది, అమరికలో లేని లోపం కోసం వెతకాల్సి వస్తుంది.

నిజంగా మిశ్రమం అయిపోయిన సందర్భాల్లో వెతకాల్సిన చోట్లు రెండు. మొదటిది ఐరిస్, అంటే కాంతి దారిలో వెడల్పు మార్చగల రంధ్రం. ఫేజ్ ఫోటాన్ బయటికొచ్చే కోణంతో పాటు మారుతుంది, అందుకే ఐరిస్ వెడల్పుగా తెరిస్తే వేర్వేరు ఫేజులు కలిసి సగటైపోతాయి. మూసేకొద్దీ విజిబిలిటీ (గరిష్ఠం, కనిష్ఠం మధ్య తేడా ఎంత స్పష్టమో) పెరుగుతుంది, కౌంట్లు తగ్గుతాయి. రెండోది పంప్ కోహెరెన్స్, అంటే తరంగం ఎంత దూరం క్రమం తప్పకుండా సాగుతుందన్నది. అర నానోమీటరు వెడల్పున్న 405 డయోడ్‌కు కోహెరెన్స్ పొడవు 0.33 మిల్లీమీటర్లే. 0.5 మిల్లీమీటర్ల క్రిస్టళ్లకు ఇది సరిపోతుంది. ఎక్కువ జంటలు కావాలని మందపాటి క్రిస్టళ్లు కొంటే మొదటి క్రిస్టల్ జంట, రెండో క్రిస్టల్ జంట వేర్వేరు సమయాల్లో బయటపడి, ఎక్కడ పుట్టాయో సమయమే చెప్పేస్తుంది. అప్పుడు పంప్ దారిలో ముందే ఎదురు ఆలస్యం పెట్టే బైరిఫ్రింజెంట్ (రెండు పోలరైజేషన్లు వేర్వేరు వేగాల్లో సాగే) క్రిస్టల్ తప్పదు.

ఇక్కడి గురి: 45 డిగ్రీల్లో విజిబిలిటీ, అంటే (గరిష్ఠం − కనిష్ఠం)/(గరిష్ఠం + కనిష్ఠం), 0.92. ఎస్ సుమారుగా దీనికి 2.828 రెట్లు. 0.71 కంటే తక్కువైతే ఉల్లంఘన లేదు.

ఎస్ కొలత

ఒక వైపు కోణాలు 0, 45. రెండో వైపు 22.5, 67.5. పోలరైజర్ దాటిన ఫోటానే కనిపిస్తుంది, ఆగినది కనిపించదు. కాబట్టి ప్రతి కోణానికీ దాని లంబకోణం కూడా కొలవాలి. నాలుగు కోణాలు ఒక వైపు, నాలుగు ఇంకోవైపు, మొత్తం 16 అమరికలు, ఒక్కోదానికి 30 సెకన్లు.

ఒక కోణాల జతకు వచ్చిన కౌంట్లు: కలిసిరావాల్సిన రెండు అమరికల్లో ఒక్కోదానికి దాదాపు 4,950, కలిసిరాకూడని రెండింటిలో ఒక్కోదానికి దాదాపు 1,050. సహసంబంధం = (9,900 − 2,100)/12,000 = 0.65. మిగతా మూడు జతలూ దీనికి దగ్గరే, (0, 67.5) జతకు రుణ గుర్తు. ఆ గుర్తును తీసివేతతో సరిచేసి కూడితే ఎస్ 2.60. కౌంట్ల పాయిసాన్ చెదరు (లెక్కింపులో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు) వల్ల ఒక్కో సహసంబంధంలో దోషం 0.007, ఎస్‌లో 0.014.

ఇప్పుడు యాక్సిడెంటల్స్ దగ్గరకు తిరిగి వస్తే, మానిటర్ వెలుగు వల్ల సెకనుకు 16 వచ్చాయనుకుందాం, ప్రతి అమరికకూ 480 అదనం. సహసంబంధం 0.56కు, ఎస్ 2.24కు పడిపోతుంది. బెల్ ఉల్లంఘన ఇంకా బలంగానే ఉంది, నివేదికలో బాగానే కనిపిస్తుంది. కానీ హెచ్ 0.36 నుంచి 0.10కి వచ్చింది. ఒక తెర వెలుగు మూడొంతుల్లో రెండొంతులకు పైగా యాదృచ్ఛికతను తినేసింది. కిటికీ 50 నానోసెకన్లు కూడా అయితే ఎస్ 1.44, చేతిలో ఏమీ లేదు.

యాక్సిడెంటల్స్‌ను తీసేసి ఎస్ లెక్కించే అలవాటు చాలా ల్యాబ్ మాన్యువళ్లలో ఉంది. జంటల గుణం తెలుసుకోవడానికైతే సమంజసమే. యాదృచ్ఛికత లెక్కకు మాత్రం ఎంతమాత్రం చేయకూడదు. బిట్ల వరుసలో యాక్సిడెంటల్ బిట్లు కూడా కలిసే ఉన్నాయి, వాటిని విడదీయలేం. వరుసలో ఏం ఉందో దాని ఎస్సే కావాలి, శుభ్రం చేసిన ఊహా వరుసది కాదు.

నాలుగు డిటెక్టర్లు

బిట్ కావాలంటే ప్రతి ఫోటాన్‌కూ రెండు ఫలితాలు కనిపించాలి. కాబట్టి పోలరైజర్లు తీసి రెండు వైపులా పోలరైజింగ్ బీమ్ స్ప్లిటర్ క్యూబ్ (పోలరైజేషన్‌ను బట్టి ఫోటాన్‌ను రెండు దారుల్లో ఒకదాంట్లోకి పంపేది), దాని ముందు 810కి హాఫ్‌వేవ్ ప్లేట్, వెనక రెండు డిటెక్టర్లు పెట్టాం. కోణం మార్చాలంటే క్యూబ్ కదపకుండా ప్లేట్‌ను సగం కోణం తిప్పితే చాలు. 16 అమరికలు 4కు తగ్గాయి, అన్నీ కలిపి 2 నిమిషాలు. సెకనుకు 400 జంటలు నమోదవుతున్నాయి.

క్యూబ్ పెట్టగానే విజిబిలిటీ పడిపోతుంది, కారణం క్యూబే. దాటిపోయే దారి శుభ్రంగా ఉంటుంది, వెయ్యికి ఒకటి మించి పొరపాటు రాదు. ప్రతిఫలించే దారిలో మాత్రం వేరే పోలరైజేషన్ కొన్ని శాతం కలుస్తుంది. ఆ దారిలో ఒక ఫిల్మ్ పోలరైజర్ అదనంగా పెడితే 0.92 తిరిగి వస్తుంది, కొంచెం కాంతి పోయినా ఫరవాలేదు. నాలుగు డిటెక్టర్ల సామర్థ్యం ఒకేలా ఉండదు కనుక సున్నాలు, ఒకట్లు సమానంగా రావు. దానికి కంగారు అక్కర్లేదు, తర్వాతి దశ ఆ వంపును తీసేస్తుంది.

బిట్లు పిండడం

ఒక వైపు ఫలితాన్నే బిట్‌గా రాస్తున్నాం. 250 సెకన్లలో 1,00,000 బిట్లు. ఎస్ కొలత, బిట్ల సేకరణ వేర్వేరు సమయాల్లో జరిగితే మధ్యలో ఫేజ్ జరిగిపోవచ్చు. అందుకే ఎస్ కొలత, సేకరణ, మళ్లీ ఎస్ కొలత, ఇలా సాగుతుంది. రెండు ఎస్‌లలో తక్కువది తీసుకుని, అందులోంచి దోషానికి మూడు రెట్లు తగ్గిస్తాం: 2.60 − 0.042 = 2.558. దీనికి హెచ్ 0.318.

వాన్ నాయ్‌మన్ పద్ధతి, అంటే 01 వస్తే 0, 10 వస్తే 1, మిగతావి పారేయడం, ఇక్కడ వాడలేదు. సున్నాలు, ఒకట్ల మధ్య అసమానతను అది బాగానే తీస్తుంది, కానీ బిట్లు ఒకదానికొకటి సంబంధం లేనివని ముందే అనుకుంటుంది. డెడ్ టైమ్, ఆఫ్టర్‌పల్సింగ్ ఉన్న డిటెక్టర్ల దగ్గర ఆ ఊహ నిలవదు. మేం వాడిన టోప్లిట్జ్ హాషింగ్‌కు, అంటే బిట్ల వరుసను ఒక యాదృచ్ఛిక మాత్రికతో గుణించి కుదించే పద్ధతికి, ఆ ఊహ అక్కర్లేదు, కనీస ఎంట్రోపీ ఎంతో చెబితే చాలు.

లెక్క: 1,00,000 × 0.318 = 31,800. భద్రత కోసం ఎప్సిలాన్ (హామీ తప్పే అవకాశానికి హద్దు) 2⁻⁶⁴ పెట్టుకుంటే 2 × 64 = 128 తీసేయాలి. మిగిలేవి 31,672 బిట్లు. టోప్లిట్జ్ మాత్రికకు కావాల్సిన విత్తనం (దాన్ని నింపే యాదృచ్ఛిక బిట్లు) 1,00,000 + 31,672 − 1, అంటే 1,31,671 బిట్లు. పుట్టేదానికంటే విత్తనం పెద్దది కదా అని అనిపిస్తుంది, కానీ ఇది స్ట్రాంగ్ ఎక్స్‌ట్రాక్టర్, విత్తనం ఖర్చయిపోదు. కొత్త బ్లాకులకు మళ్లీ వాడొచ్చు. విత్తనానికి బల్లతో ఏ సంబంధం ఉండకూడదు. ఈ డిటెక్టర్ల పాత బిట్లతోనే విత్తనం తయారుచేస్తే మొత్తం హామీ పోతుంది. మాత్రికను పూర్తిగా రాస్తే మెమరీ చాలదు, ఎఫ్‌ఎఫ్‌టీ (వేగంగా చేసే ఫూరియర్ లెక్క)తో కాన్వల్యూషన్‌గా చేస్తే మామూలు ల్యాప్‌టాప్‌లో రెప్పపాటులో అవుతుంది. ఎఫ్‌ఎఫ్‌టీ దశాంశ ఫలితాలను పూర్ణాంకాలకు సరిచేశాకే సరి-బేసి చూడాలి. మొదటి కొన్ని వరుసలను నేరుగా గుణించి సరిపోల్చుకోవడం మంచిది.

సెకనుకు 126 బిట్లు తేలాయి.

ఈ బిట్ల మీద ఏం రాయొచ్చు

ఈ బల్ల డిటెక్టర్లు చాలా జంటలను చూడనే చూడవు. చూసినవి మొత్తానికి నమూనా అనే 'ఫెయిర్ శాంప్లింగ్' ఊహ మీదే 2.60 నిలబడింది. ఆ ఊహ వదలాలంటే, గరిష్ఠంగా ఎంటాంగిల్ అయిన జంటలతో సామర్థ్యం 82.8 శాతం దాటాలి. ఎబర్‌హార్డ్ 1993లో చూపినట్టు పాళ్లు మార్చిన జంటలతోనైతే 66.7 శాతం. మన 2.5 శాతం వాటి దరిదాపుల్లో లేదు. రెండు వైపులూ ఒకే బల్ల మీద ఉన్నాయి, కోణాలు ముందే తెలుసు. కాబట్టి ఒక వైపు సంగతి ఇంకో వైపుకు చేరే అవకాశం, అంటే లొకాలిటీ లూప్‌హోల్, కూడా తెరిచే ఉంది. ఈ రెండింటినీ ఒకేసారి మూసిన ప్రయోగాలు 2015లో డెల్ఫ్ట్, వియన్నా, నిస్ట్‌ల నుంచి వచ్చాయి. 2018లో నిస్ట్ బృందం అలాంటి అమరిక నుంచే 1,024 బిట్లను ధ్రువీకరించింది.

కాబట్టి ఫైలు తలకట్టులో ఇలా రాస్తున్నాం: 'ఫెయిర్ శాంప్లింగ్ ఊహతో, పరికరం మనతో శత్రుత్వం పెట్టుకోలేదన్న నమ్మకంతో, ఎస్ 2.558 కింది హద్దుగా'. 'డివైస్ ఇండిపెండెంట్' (పరికరాన్ని నమ్మాల్సిన పనే లేదు) అన్న మాట ఎక్కడా వాడటం లేదు. ప్రతి బ్లాకు వెంటా ఎస్, దాని దోషం, సింగిల్స్, కిటికీ వెడల్పు, లేజర్ ఉష్ణోగ్రత, గది ఉష్ణోగ్రత, తేమ భద్రపరుస్తున్నాం. రెండేళ్ల తర్వాత ఎవరైనా ఈ బిట్లను ప్రశ్నిస్తే జవాబు ఆ ఫైల్లోనే దొరకాలి.

మిగిలిన పనులు

810 హాఫ్‌వేవ్ ప్లేట్లకు స్టెపర్ మోటార్లు బిగించాలి. మోటార్ తిరిగేటప్పుడు నమోదైన కౌంట్లను వదిలేయడానికి ఎఫ్‌పీజీఏకు ఒక గేట్ సంకేతం కావాలి. కోణాల ఎంపికను బయటి విత్తనం నుంచి యాదృచ్ఛికంగా, సేకరణ మధ్యలోనే జరిగేలా మార్చాలి. అప్పుడు ఎస్ పరీక్ష, బిట్ల సేకరణ వేర్వేరు బ్లాకులుగా ఉండాల్సిన అవసరం తప్పుతుంది. మల్టీమోడ్ ఫైబర్ల బదులు సింగిల్ మోడ్ పెట్టి విజిబిలిటీ 0.95 దాటుతుందేమో చూడాలి. దాటితే ఎస్ 2.69కి వస్తుంది, ఒక్కో జంటకు హెచ్ 0.36 నుంచి 0.47 దాటుతుంది. కౌంట్లు ఎంత పడిపోతాయో చూశాకే మొత్తం మీద లాభమా నష్టమా తేలుతుంది.